కొత్తగా చేరిన ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి): లంచం ముట్టకుండా పని చేయడం ఎలా

ముందు బ్యాగు సంగతి. సైటుకు పోయేటప్పుడు మీ బ్యాగులో మీ సొంత డబ్బుతో కొన్న 30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్ల స్టీలు టేపు ఒకటి, చిన్న నోటుబుక్కు, పెన్ను, నీళ్ల సీసా, సద్ది డబ్బా ఉండాలి. బండికి పెట్రోలు మీరే పోయించుకోవాలి. లంచం గురించి చెప్తానని టేపు, సద్ది అంటున్నాడేమని అనుకోవద్దు. నేను అనంతపురం జిల్లాలో, కొన్నేళ్లు కర్నూలు వైపు, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో 32 ఏళ్లు పని చేసి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) రిటైరయ్యాను. నా కళ్లముందు చెడిపోయిన కుర్రవాళ్లలో ఒక్కరు కూడా కవరుతో మొదలుపెట్టలేదు. కాంట్రాక్టరు టేపుతో కొలిచారు, కాంట్రాక్టరు జీపులో తిరిగారు, కాంట్రాక్టరు తెప్పించిన బిర్యానీ తిన్నారు. కవరు ఆ తర్వాత వచ్చింది. అప్పటికి వద్దనే నోరు పోయింది.

మా మేనకోడలు ఈ మధ్యే ఏఈగా చేరింది. మొదటి వారంలోనే ఫోన్ చేసి, "మామా, నాకు టెన్షన్‌గా ఉంది, ఏమేం జాగ్రత్తలు పడాల?" అని అడిగింది. ఆమెకు నాలుగైదు రాత్రులు ఫోన్లో చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

డబ్బు ఏ పేరుతో వస్తుంది

ఆఫీసులో లంచం అనే మాట ఎవరి నోటా వినపడదు. పర్సంటేజీ అంటారు, మామూలు అంటారు. "సార్, పెట్రోలు ఖర్చులకు", "ఉగాదికి పిల్లలకు బట్టలు తీసుకోండి" అంటారు. సీనియర్లు భుజం మీద చెయ్యి వేసి, "ఇది మనం పెట్టింది కాదప్పా, ముందు నుంచీ ఉండేదే" అని చెప్తారు. వాళ్లంతా దుర్మార్గులని నేను అనను. వాళ్లకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

చట్టం మాత్రం ఈ పేర్లను లెక్క చేయదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. అందులో ఏడో సెక్షన్ కింద శిక్ష కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 7 ఏళ్లు. డబ్బు చేతికి రానక్కర్లేదు, రాబట్టుకోవడానికి ప్రయత్నించినా నేరమే. డబ్బే కానక్కర్లేదు, రూపాయల్లో లెక్కకట్టలేని లాభం కూడా అందులోకి వస్తుంది. ఇంకో మాట మీరు బాగా గుర్తు పెట్టుకోవాలి. "నాకోసం కాదు సార్, పైవాళ్ల కోసం వసూలు చేశా" అంటే చెల్లదు. మీకోసం తీసుకున్నా ఇంకొకరి కోసం తీసుకున్నా ఒకటే. నేరుగా తీసుకున్నా, వర్క్ ఇన్‌స్పెక్టరు చేతో టీకొట్టువాడి చేతో తీసుకున్నా ఒకటే.

నా జీపు ప్రయాణం

ఇది 1990ల నాటి మాట. ఒక పల్లెలో బడికి అదనపు గది కడుతున్నాం. పొడవు 6 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. స్లాబుకు పొట్టి వైపు 10 మి.మీ. కడ్డీలు 150 మి.మీ.కి ఒకటి చొప్పున కట్టాలని డ్రాయింగులో ఉంది. కాంక్రీటు పోసే రోజుకు తెల్లారితే భోగి. ఊరికి పోవాలని నాకు తొందర. కాంట్రాక్టరు వయసు మళ్లిన మనిషి, మర్యాదస్తుడు. "సారూ, బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు, మా జీపు ఆ పక్కకే పోతాది, దింపిపోతారు" అన్నాడు. జీపు మధ్యాహ్నం ఒంటిగంటకే బయల్దేరుతుంది. నేను పలకల మీదికి ఎక్కి కడ్డీలు లెక్కపెట్టకుండానే "పోసుకోండి" అని చెప్పి జీపెక్కాను. రూపాయి తీసుకోలేదు. తప్పు చేస్తున్నాననే ఆలోచన కూడా ఆ రోజు నాకు రాలేదు.

రెండో ఏటికి స్లాబు నడుమ వంగింది. అడుగున నెర్రెలు వచ్చాయి. ఒక వానాకాలం సాయంత్రం, పిల్లలు ఇళ్లకు పోయాక, పెచ్చులు ఊడి ఒకటో తరగతి వరసలో పడ్డాయి. పగలు పడి ఉంటే ఏమయ్యేదో రాయడానికి కూడా నాకు చెయ్యి రాదు. పగలగొట్టి చూస్తే కడ్డీలు 200 మి.మీ.కి ఒకటి ఉన్నాయి.

లెక్క వేయండి. 6 మీటర్ల పొడవుకు 150 చొప్పున అయితే 41 కడ్డీలు, 200 చొప్పున అయితే 31. పది కడ్డీలు తగ్గాయి. ఒక్కోటి 4.2 మీటర్లు అనుకుంటే 42 మీటర్లు. 10 మి.మీ. కడ్డీ మీటరుకు 0.617 కిలో తూగుతుంది కాబట్టి దాదాపు 26 కిలోల ఇనుము. కిలో 60 రూపాయలు వేసుకున్నా 1,560 రూపాయలు. అంత డబ్బుకు ఒక బడి గది పోయింది. దాన్ని పడగొట్టి మళ్లీ కట్టించేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ పిల్లలు వేపచెట్టు కింద కూర్చున్నారు. అనంతపురం ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. విచారణలో నేను జరిగింది జరిగినట్టే చెప్పాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు. దానికి నాకు బాధ లేదు. కానీ ఆ ఊరి మీదుగా బస్సులో పోయిన ప్రతిసారీ ఆ చెట్టు వైపు చూడకుండా ఉండలేకపోయాను.

అందుకే సద్ది డబ్బా గురించి అంత గట్టిగా చెప్తున్నా. ఊళ్లో ఎవరింట్లోనో మజ్జిగ ఇస్తే తాగండి, అది మర్యాద. పని చేయించేవాడి ఖర్చుతో భోజనం, బండి, లాడ్జి, ఫోన్ రీచార్జి వద్దు. నాలుగు మైళ్లు ఎండలో బండి మీద పోవడం కష్టమే. ఆ కష్టం పడితేనే సైటు నుంచి ఎప్పుడు కదలాలో మీరు నిర్ణయించగలరు.

ఎలా కొలవాలి

దొంగతనం ఎక్కడ జరుగుతుందో తెలియని ఇంజనీరు, డబ్బు తీసుకోకపోయినా, తీసుకున్నవాడితో సమానమైన నష్టమే చేస్తాడు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెప్తా.

పల్లెలో సీసీ రోడ్డు తీసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మి.మీ. మందం. మొత్తం 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 120కి తగ్గిస్తే 36. అంటే 9 ఘనపు మీటర్లు మాయం. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లుగా కలిపే కాంక్రీటులో ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది కాబట్టి 70 బస్తాలు దాటి మిగులుతాయి. పోసిన తర్వాత అంచు దగ్గర టేపు పెడితే 150 కచ్చితంగా ఉంటుంది. ఎందుకంటే అంచుల్లో లోతుగా తీసి, నడుమ నేలను ఎత్తుగా వదిలేస్తారు. కాబట్టి కొలత పోయకముందే తీయాలి. రెండు వైపులా ఉన్న షట్టరింగు పలకల మీద నుంచి దారం బిగించి లాగండి. దారం నుంచి నేల దాకా నడుమ ఒక చోట, అటూ ఇటూ ఒక్కో చోట టేపు పెట్టండి. పది మీటర్లకు ఒకసారి ఇలా చేయండి. తక్కువ ఉన్నచోట అప్పుడే తవ్వించండి. అప్పుడు తవ్వడం అరగంట పని. తర్వాత అయితే గట్టిపడ్డ రోడ్డును కోసి చూడడం (కోర్ కటింగు), నోటీసులు, తగాదాలు.

క్యూబులు, అంటే కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే దిమ్మెలు, వాటి సంగతి కూడా అంతే. 150 మి.మీ. అచ్చుల్లో పోసి 7 రోజులకు, 28 రోజులకు పరీక్ష చేస్తాం. ఎం20 కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఆశిస్తాం. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల పనికి 4 శాంపిళ్లు, శాంపిలుకు 3 క్యూబులు. మన 45 ఘనపు మీటర్ల రోడ్డుకు 12 క్యూబులు కావాలి. 7 రోజుల పరీక్షకు వేసేవి అదనం. చాలాచోట్ల పొద్దున్నే సిమెంటు ఎక్కువ వేసి ప్రత్యేకంగా ఒక తట్ట కలిపి, 12 క్యూబులూ దాంతోనే నింపేస్తారు. ల్యాబులో అవి అద్భుతంగా పాసవుతాయి. మీరు చెప్పిన సమయానికి కాకుండా, మిక్సరు నడుస్తుండగా మధ్యలో ఆపి, రోడ్డు మీద పడబోయే మాలు నుంచి తీయండి. పచ్చిగా ఉన్నప్పుడే తేదీ, గుర్తు మేకుతో గీకండి. ఆ గుర్తు మీ నోటుబుక్కులో రాసుకోండి. ల్యాబుకు క్యూబులు కాంట్రాక్టరు బండిలో ఒంటరిగా పోనీయవద్దు.

క్యూరింగు, అంటే పోసిన కాంక్రీటును రోజూ తడిపి ఉంచడం, ఎగ్గొట్టడమే మన జిల్లాల్లో అన్నింటికన్నా పెద్ద దొంగతనం. నీళ్లే లేవు, ఎవరు పెడతారు? పని మొదలుపెట్టకముందే "నీళ్లు యాడ నుంచి తెస్తారు?" అని అడిగి, ట్యాంకరు ఏర్పాటు చూసుకున్నాకే పోయనివ్వండి. ఈ వేడికి, ఇప్పుడు వచ్చే కలుపు సిమెంట్లకు పది రోజులు తప్పనిసరి, పద్నాలుగు రోజులైతే మంచిది. గోనె సంచులు తడిగా ఉన్నాయో లేదో చెయ్యి పెట్టి చూడండి. ఊళ్లో ఎవరైనా ఆడమనిషిని, రోజూ ఆ దారిన బిందెతో పోయే మనిషిని అడగండి. మీకు ఆమెకన్నా మంచి వర్క్ ఇన్‌స్పెక్టరు దొరకదు.

మట్టి పని గురించి ఒక్క మాట. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఈ జిల్లాలో ఎన్ని వేల గుంతలు, కుంటలు కొలిచామో. తవ్వినచోట లోతుకు సాక్షిగా నడుమ మట్టి దిమ్మె వదులుతారు. దాని ఎత్తు కొలిస్తే లోతు తెలుస్తుంది. ఆ దిమ్మె నెత్తిన రెండు తట్టల మట్టి పోసి తట్టి చదును చేస్తే లోతు అరడుగు పెరిగినట్టు కనిపిస్తుంది. దిమ్మె పైన పాత నేల, గడ్డి వేర్లు కనపడాలి. కనపడకపోతే పార పెట్టి తీయించి, గట్టి నేల తగిలాక కొలవండి. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఎక్కువ రాయడమే కాదు, తక్కువ రాయడం కూడా దొంగతనమే. కూలీ తవ్వినదాన్ని తక్కువ రాస్తే ఆ మనిషి సాయంత్రం ఇంటికి తీసుకుపోయే డబ్బు తగ్గుతుంది. టేపు రెండో కొన పట్టుకోవడానికి కూలీల్లో ఒకరినే పిలవండి. అంకె పెద్దగా చదివి వినిపించండి.

ఎం-బుక్

ఎం-బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం, మీ పరువు. పేజీలకు అచ్చు నంబర్లు ఉంటాయి, ఒక్కటి కూడా చిరగకూడదు, ఖాళీగా వదలకూడదు. కొలత తీసిన తేదీ వేరు, రాసిన తేదీ వేరు అయితే దాన్ని దాచవద్దు. పెన్సిల్‌తో రాసి తర్వాత ఇంకు పెట్టే అలవాటు ఆఫీసులో చూస్తారు, నేర్చుకోవద్దు. తప్పు పడితే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టండి. కొట్టివేతలు ఉన్న ఎం-బుక్ చూసి ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే ఇంకుతో మూడు నెలల కొలతలు ఉన్న ఎం-బుక్ చూస్తేనే విజిలెన్సువాళ్లకు అనుమానం వస్తుంది.

"పని జరగబోతాది కదా, మార్చి నెలాఖరు వచ్చింది, ఫండ్సు వెనక్కి పోతాయి, ముందు రికార్డు చేసేయ్" అనే మాట ప్రతి సంవత్సరం వింటారు. మిగతా అన్ని ఒత్తిళ్ల కన్నా ఇది కష్టం, ఎందుకంటే చెప్పేవాళ్లలో మంచివాళ్లు కూడా ఉంటారు, ఊరికి మేలు జరగాలనే చెప్తారు. అయినా రాయకండి. జరగని పనికి సంతకం పెట్టిన రోజు నుంచి ఆ కాంట్రాక్టరు మీకు పైఅధికారి అవుతాడు. తర్వాత పని ఎలా చేసినా మీరు నోరెత్తలేరు.

సర్టిఫికెట్లకూ ఇదే వర్తిస్తుంది. వానాకాలానికి ముందు గేట్లు, తూములు, కట్టలు చూసినట్టు రాసి ఇవ్వాల్సి వస్తుంది. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట చెయ్యేరు వరదకు తెగింది. పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్లూ వచ్చిపడ్డాయి. ఉన్న ఐదు గేట్లలో ఒకటి ఆ రోజు పని చేయలేదు. పులపత్తూరు, మందపల్లి ఊళ్లు కొట్టుకుపోయాయి. అక్కడ డబ్బులు చేతులు మారాయని నేను అనడం లేదు. గేటు ఎత్తి చూడకుండా "బాగుంది" అని రాసే అలవాటు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు. గ్రీజు వాసన మీ చేతులకు అంటాకే ఆ కాగితం మీద సంతకం పెట్టండి.

బిల్లు ఆపకండి

నేను అన్నింటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. చాలామంది నిజాయితీపరులు ఇక్కడే తప్పు చేస్తారు. నేనూ చేశాను.

జీపు సంగతి తర్వాత నాకు భయం పట్టుకుంది. ప్రతి బిల్లూ మూడుసార్లు చూసేవాణ్ణి. మా మండలంలో ఒక చిన్న కాంట్రాక్టరు ఉండేవాడు. భార్య, తమ్ముడు, తను, ముగ్గురూ సైటులోనే ఉండి పని చేసేవాళ్లు. ఒక కల్వర్టు పని బాగా చేశాడు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. అతని లక్షన్నర బిల్లు నా బల్ల మీద 40 రోజులు పెట్టుకున్నా. మళ్లీ పోయి కొలవాలని, మళ్లీ లెక్క చూడాలని, ఈలోగా వేరే పని అడ్డం పడిందని. చివరికి సంతకం పెట్టిన రోజు అతను నిలబడే అన్నాడు:

"సారూ, మీరు రూపాయి ముట్టరని మండలమంతా చెప్పుకుంటారు. మంచిదే. నేను ఈ పనికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినా. నలభై రోజులకు ఆరు వేలైంది. తీసుకునే సారైతే నూటికి రెండు చొప్పున మూడు వేలతో పోయేది. కోప్పడద్దండి, బాధ కొద్దీ చెప్తాండా."

నేను కూర్చోమని కూడా అనలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు ముట్టని నా దగ్గర అతనికి ముట్టేవాడి దగ్గరకన్నా రెట్టింపు నష్టం జరిగింది. మనం ఫైలు ఆపితే, "ఈ సారు దగ్గర పని కాదు, ఇంకో దారి చూసుకుందాం" అని మనిషి గుమాస్తా దగ్గరికో, మధ్యవర్తి దగ్గరికో పోతాడు. మనం చెయ్యి చాపకపోయినా మన పేరు మీద ఎవరో చాపుతారు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఒక పద్ధతి పెట్టుకున్నా. పని అయిందని చెప్పిన మూడు రోజుల్లో కొలత. కొలిచిన వారంలో బిల్లు నా బల్ల దాటాలి. ఒక రిజిస్టరులో పని పేరు, కొలత అడిగిన తేదీ, కొలిచిన తేదీ, బిల్లు పంపిన తేదీ రాసి, ఎవరడిగినా చూపించేవాణ్ణి. లోపం ఉంటే నోటితో కాదు, కాగితం మీద, ఒకేసారి అన్నీ రాసి ఇచ్చేవాణ్ణి. ఈరోజు ఒకటి, పోయిన వారం ఒకటి, వచ్చే వారం ఒకటి అని తిప్పడం కూడా అడగడమే, నోరు తెరవకుండా అడగడం. ఇప్పుడు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి బిల్లు ఎక్కాక డబ్బు ఎప్పుడు పడుతుందో మీ చేతుల్లో ఉండదు. ఆ సంగతి కాంట్రాక్టరుకు ముందే తెలియజేసి, మీ వంతు ఏ తేదీన అయిపోయిందో చూపించండి.

ఎలా వద్దనాలి

మొదటి రోజే చెప్పాలి, అందరి ముందు చెప్పాలి, మెత్తగా చెప్పాలి. కొత్త మండలానికి పోయిన వారంలో కాంట్రాక్టర్లను ఆఫీసుకు పిలిచి నేను చెప్పే మాట ఇది: "నాకు ఏమీ ఇవ్వద్దండి. నా పేరు చెప్పి ఎవరైనా అడిగినా ఇవ్వద్దండి, నాకు ఫోన్ చేయండి. మీ బిల్లు ఆగదు. టేపు ఎంత చెప్తే అంత రాస్తా, ఒక మిల్లీమీటరు ఎక్కువా రాయను, తక్కువా రాయను." ఇందులో ఎవరినీ దొంగ అనలేదు. మన సీమలో మనిషికి మాట తగిలితే డబ్బు పోయినదానికన్నా ఎక్కువ కోపం వస్తుంది. నీతులు చెప్పకండి, మీ పద్ధతి చెప్పండి చాలు.

ఎవరైనా కవరు బల్ల మీద పెట్టి పోతే, లేదా బండి డిక్కీలో వేస్తే, దాన్ని చేత్తో ముట్టకండి. ఇంటికి తీసుకుపోయి రేపు ఇద్దామనుకోవద్దు. అప్పటికప్పుడే పక్క సీటులోని ఉద్యోగిని పిలిచి, ఆ మనిషిని వెనక్కి పిలిపించి, అతనితోనే తీయించండి. అదే రోజు మీ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి) రెండు వాక్యాల ఉత్తరం రాసి నకలు దగ్గర పెట్టుకోండి.

నాయకుల ఫోన్లు వస్తాయి. "మనోడు, కాస్త చూడప్పా" అంటారు. దీనికి వాదన పనికిరాదు. "సరేనన్నా, రేపు పొద్దున ఏడుకే సైటులో ఉంటా, మీ మనిషిని కూడా రమ్మనండి, ఇద్దరం కలిసి కొలుద్దాం" అనండి. నేను అలా అన్నప్పుడు చాలామంది నిజంగానే మనిషిని పంపారు. తన కళ్లతో టేపు చూసిన మనిషి తర్వాత నాతో గొడవ పెట్టుకోలేదు. బెదిరింపు లాంటిది ఉంటే ఒంటరిగా, చీకటి పడ్డాక సైటుకు పోవద్దు. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, అన్న మాట నోటుబుక్కులో రాయండి.

పైఅధికారి నోటిమాటతో తప్పు చేయమంటే, "సార్, మీరు ఫలానా తేదీన చెప్పినట్టు ఈ కొలత మార్చమంటారా, దయచేసి ఫైలు మీద రాయండి" అని మర్యాదగా ఒక నోట్ పెట్టండి. చాలా ఆదేశాలు ఆ నోట్ చూడగానే ఆగిపోతాయి. వసూలు చేసి పంపమంటే మాత్రం నోట్ కూడా అక్కర్లేదు. "నావల్ల కాదు సార్, నన్ను వేరే చోటికి వేయండి" అనండి. వేస్తారు. నన్ను 32 ఏళ్లలో 14 సార్లు బదిలీ చేశారు. మా పిల్లలు నాలుగు బళ్లు మారారు. ఇది చిన్న కష్టమని నేను చెప్పను. పెళ్లయిన కొత్తలోనే ఇంట్లో కూర్చుని జీతం ఎంత, అప్పు ఎంత, కారు ఎప్పుడు కొనగలం అని మా ఆవిడతో కలిసి లెక్క వేసుకున్నాం కాబట్టే తట్టుకున్నాం. ఆమె ఒక్కసారి కూడా "పక్కింటి ఏఈ గారు ఇల్లు కట్టారు" అనలేదు. మీరూ ఆ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి. కొన్న స్థలం, బంగారం, తీసుకున్న అప్పు అన్నింటి కాగితాలు దాచి, ఆస్తుల వివరాలు ఏటా ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి. ఆదాయానికి మించిన ఆస్తులని తేలితే శిక్ష 4 ఏళ్ల నుంచి 10 ఏళ్లు.

మిమ్మల్నే అడిగితే

ఇంజనీరును కూడా లంచం అడుగుతారు. బదిలీకి, బకాయిలకు, పింఛను కాగితాలకు. రిటైరయ్యాక నన్నూ ఒక ఆఫీసులో అడిగారు. అప్పుడు నేను చేసినదే కాంట్రాక్టర్లకూ రైతులకూ చెప్తుంటా.

లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో (అవినీతి నిరోధక శాఖకో) చెప్తే చట్టం మిమ్మల్ని నేరస్తుడిగా చూడదు. ఇవ్వకముందే చెప్పడం ఇంకా మేలు. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా వాళ్ల ఆఫీసులు ఉన్నాయి. నేరుగా పోయి మాట్లాడవచ్చు. అడిగిన మనిషి అన్న మాటలు, తేదీ, ఎంత అడిగారు, ఏ పనికి అడిగారు రాసుకుని పోండి. ఫోన్ సంభాషణ ఉంటే చెరపకండి. వాళ్లు నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ నోట్లు ముట్టిన చేతులను సోడా నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. మధ్యవర్తులుగా ఇద్దరు ఉద్యోగులను కూడా తెచ్చుకుంటారు. మీరు చేయాల్సింది ఒక్కటే, అడగకుండా మీరుగా డబ్బు చేతిలో పెట్టవద్దు. ఆ మనిషి అడగాలి, తీసుకోవాలి. అడిగినట్టు, తీసుకున్నట్టు రుజువు కావడం తప్పనిసరి అని, ఫిర్యాదుదారు ఎదురుతిరిగినా చనిపోయినా మిగతా సాక్ష్యాలతో దాన్ని రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబర్‌లో చెప్పింది.

ఊరివాళ్లకైతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఆ చట్టంలో చాలామందికి తెలియని హక్కు ఒకటి ఉంది. ఎం-బుక్ నకలు అడగడమే కాదు, పనిని వెళ్లి పరిశీలించవచ్చు, వాడిన సామగ్రి శాంపిలు ధ్రువీకరించి ఇమ్మని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. మీ ఊళ్లో ఎవరైనా అలా అడిగితే ముఖం మాడ్చుకోకండి. మీ ఎం-బుక్ సరిగా ఉంటే ఆ దరఖాస్తు మీకు రక్షణే.

తోటి ఇంజనీర్ల మీద, పెద్ద పనుల మీద ఫిర్యాదు చేయాల్సి వస్తే మీ పేరు ఎవరి చేతుల్లోకి పోతుందో చూసుకోండి. జాతీయ రహదారుల సంస్థలో పని చేసిన సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు 2002లో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ పేరు గోప్యంగా ఉండలేదు. 2003 నవంబర్ 27న, తన ముప్పయ్యో పుట్టినరోజున, గయలో అతన్ని కాల్చి చంపారు. కోర్టు దాన్ని దోపిడీలో జరిగిన హత్యగా తేల్చి 2010లో ముగ్గురిని శిక్షించింది. కానీ ఆ పేరు బయటికి పొక్కినందుకు దేశమంతా బాధపడింది, ఫిర్యాదుదారు పేరు దాచాలనే తీర్మానం 2004లో కేంద్రం తెచ్చింది. కేంద్ర సంస్థల మీద ఫిర్యాదైతే ఆ దారిలో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పంపండి. అభిప్రాయాలు రాయకండి, కొలతలు రాయండి. ఏ ఎం-బుక్, ఏ పేజీ, ఎంత రాశారు, ఎంత ఉంది, ఫొటో ఏది. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు, స్నేహితుడికి కూడా పంపవద్దు.

బదిలీ రోజు

బదిలీ ఆర్డరు వచ్చిన రోజు సన్మానం కన్నా ముందు ఒక పని ఉంది. మీ దగ్గరున్న ఎం-బుక్కులు, లెవెల్ పుస్తకాలు, సిమెంటు రిజిస్టరు, ల్యాబు రిపోర్టులు అన్నీ నంబర్ల వారీగా జాబితా రాయండి. ప్రతి ఎం-బుక్‌లో చివరిగా రాసిన పేజీ నంబరు వేయండి. సగంలో ఉన్న పనుల దగ్గరికి మీ తర్వాత వచ్చే ఏఈని తీసుకుపోయి, ఎంత దాకా కొలిచారో నేల మీదే చూపించండి. పెండింగులో ఉన్న బిల్లులు ఎవరివి, ఏ తేదీ నుంచి ఉన్నాయి చెప్పండి. జాబితా రెండు కాపీల మీద సంతకం తీసుకుని ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. నా 14 కాపీలు ఇంకా మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పోయిన నెల మా మేనకోడలు వచ్చి వాటిని చదివి, మొదటి దాని ఫారం తన నోటుబుక్కులో దించుకుని, నా 30 మీటర్ల టేపు అడిగి తీసుకుపోయింది.